మలుపు పైన తొమ్మిది ఇళ్ళు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. మేముండేది పోర్ట్ బ్లెయిర్‌లో, లంబాలైన్‌లో. విమానాశ్రయం పక్కనే కాబట్టి విమానం దిగుతున్నప్పుడు మాట మధ్యలో ఆపి, అది వెళ్ళాక ఆపిన చోటినుంచే మళ్ళీ అందుకోవడం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా అలవాటు. వచ్చినమ్మాయి పేరు శిల్ప. సిప్పీఘాట్ దగ్గర మా పాత ఊరి పిల్ల. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చిన కుటుంబం వాళ్ళది. ఈసారి ఊళ్ళో ప్రధాన్ పదవికి పోటీ చేయాలనుకుంటోందట. మెయిన్‌లాండ్‌లో సర్పంచ్ అంటారే, ఆ పదవిని మా దీవుల్లో ప్రధాన్ అంటాం. మా అమ్మ అప్పలనర్సమ్మ ఆ ఊరికి మూడుసార్లు ప్రధాన్‌గా చేసింది. ఆ పిల్ల లోపలికెళ్ళి మంచం మీదున్న అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చి, నా ముందు కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కింది.

"ఆంటీ, అమ్మమ్మ తీన్ బార్ గెలిచింది కదా, ఆ స్టోరీ అందరూ చెప్తారు. బీచ్ మే ఒక్కసారి హార్ గయీ, ఓడిపోయింది అంట. అది ఎందుకో ఎవరూ చెప్పరు. నాకు అదే కావాలి" అంది.

చురుకైన పిల్ల. గెలిచిన కథలు పెట్టుబడికి పనికిరావని ఈ వయసుకే తెలిసింది. నేను మాత్రం, పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, తడుముకోకుండా "అప్పుడు గాలి అలా ఉందమ్మా. ఎన్నికలంటే అంతేగా" అనేశాను. టీ ఇచ్చి పంపించాను. గేటు పడిన చప్పుడు వినబడిందో లేదో, లోపలి గదిలోంచి అమ్మ గొంతు వచ్చింది. ఆమెకు చూపు దాదాపు పోయింది, చెవులు కూడా మందగించాయని డాక్టరు అంటాడు గాని, వినవలసినవన్నీ ఆమెకు వినిపిస్తాయి.

"ఏటే భానూ, గాలేటే? ఏ గాలే అది?"

నేను టీ కప్పులు తీస్తున్నాను.

"ఆ పిల్లకి అబద్దం సెప్పీసి పంపించీసినావు. రేపు అది గెల్సి, నీలాటి దాన్నొకర్తిని పెట్టుకుని కాగితాలు రాయిస్తాది. అప్పుడేటవుతాది?"

"ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాను.

"ఇన్నేళ్ళయినాది కాబట్టేనే. సిగ్గు పోనాది కదా. రాయి" అంది.

సిగ్గు పోలేదు. ఆమెకు పోయి ఉండవచ్చు, నాకు పోలేదు. అయినా రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా నాన్న సిప్పీఘాట్‌లోని వ్యవసాయ ఫారంలో మాలీ. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కాకు లవంగాల వాసన, జాజికాయ కోతల కాలంలో అయితే జాజికాయ వాసన. ఆ చొక్కాను దండెం మీద వేస్తే ఇల్లంతా పెళ్ళివారి వంటిల్లులా ఉండేది. తీరా వంటింట్లోకి వెళ్తే ఉన్నది ఎండుచేప, తడికట్టెల పొగ. మా ఇల్లు కొండవాలు మొదట్లో ఉండేది. కింద వరిపొలాలు, పైన అడవి, మధ్యలో మేము. మా వరసలో తెలుగువాళ్ళం, ఎదటి వరసలో బెంగాలీలు, కాస్త అవతల తమిళులు. మా ఇంటి వెనకనుంచి కొండమీదికి ఒక మట్టిబాట పోయేది. సగం దారిలో ఒక మలుపు. ఆ మలుపు దాటి పైకి వెళ్తే రాంచీ వాళ్ళ ఇళ్ళు తొమ్మిది. రాంచీ వైపు నుంచి అడవి పనులకని ఎప్పుడో వచ్చిన ఆదివాసుల పిల్లలు, మనవలు. అడవి అంచున కాస్త నేల చదును చేసుకుని ఇళ్ళు వేసుకున్నారు. వాళ్ళలో ఎవరికీ అప్పటికి రేషను కార్డు కూడా లేదు. బళ్ళో, దుకాణంలో, బస్సులో అందరం కలిసి హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. అయినా ఎవరి వరస వాళ్ళకుండేది. మా తెలుగు ఆడవాళ్ళు "పైవాళ్ళు" అనేటప్పుడు గొంతు ఒక మెట్టు కిందికి దిగేది. అది నా గొంతులో కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఈ కథ అర్థం కాదు.

అమ్మ రాజకీయాల్లోకి రావడం మా ఊరి మేస్త్రి గారి తెలివితేటల వల్ల జరిగింది. ఆయన రోడ్ల పనులకు కూలీలను కుదిర్చే మనిషి. ఊళ్ళో ఏ పని జరగాలన్నా ఆయన అరుగు మీదినుంచే జరిగేది. ఆ ఏడు మా పంచాయతీ ప్రధాన్ పదవి ఆడవాళ్ళకని వచ్చింది. మేస్త్రి గారికి భార్య లేదు, పోయింది. కోడలు కాన్పుకు ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళి కూర్చుంది. నెమ్మదైన మనిషి, పెద్దగా చదువు లేనిది, మొగుడు నోట్లో నాలుక లేనివాడు, అలాంటి ఇల్లు ఏదా అని చూస్తే మా ఇల్లు కనిపించింది. "సంతకాలు పెడితే సాలు నర్సమ్మా, మిగతాది మేం సూసుకుంతాం" అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆ తల ఊపడంలో ఏముందో ఆయనకు ఆరు నెలలకు గాని తెలియలేదు.

ఆవిడ ఓట్లు అడిగిన పద్ధతి నాకిప్పటికీ గుర్తుంది. ఏ గుమ్మంలోకి వెళ్ళినా ఓటు మాట ఎత్తేది కాదు. "మీకు నీల్లేయాల వొస్తన్నాయి? ఎన్ని బకెట్లు నిండుతన్నాయి? ముసిలాయనకి దగ్గు తగ్గిందా?" అని అడిగి, విని, లేచి వచ్చేసేది. తెలుగు, హిందీ, బెంగాలీ, పైవాళ్ళ సాద్రీ, నాలుగూ మాట్లాడేది, నాలుగూ తప్పులతోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత మా అమ్మను చూసే పుట్టిందా అనిపించేది. గెలిచింది. అందరికంటే ఎక్కువగా, ఒక్కటి తప్పకుండా, మలుపు పైనున్న తొమ్మిది ఇళ్ళ ఓట్లూ ఆమెకే పడ్డాయి.

గెలిచిన కొత్తలో నాన్న పడ్డ పాట్లు చూసి నవ్వుకునేవాళ్ళం. ఆడది ప్రధాన్ అయితే ఆమె మొగుడే అసలు ప్రధాన్ అని, ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు నాన్నకు కుర్చీ వేసేవారు. ఆయన కూర్చునేవాడు కాదు. "మై తో మాలీ హూఁ సాబ్, పెదాన్ వో హై" అని అమ్మను చూపించి, బయటికి వచ్చి ఆ ఆఫీసు తోటలో మొక్కల మొదళ్ళలో కలుపు తీస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళకే ఆ కుర్చీ అమ్మకు వేయడం అలవాటైంది.

అమ్మ తెలుగు ఐదో తరగతి దాకా చదివింది. హిందీ, ఇంగ్లీషు అక్షరాలు రావు. నేనప్పుడు కాలేజీలో ఆఖరి ఏడాది. అందుకని ఆమె నోరు, నేను చెయ్యి. మా ఇంట్లో దర్బారు పొద్దున్నే వంటింటి ముందు జరిగేది. అమ్మ కొబ్బరి కోరే పీట మీద కూర్చుని కోరుతూ ఉండేది. నేను పక్కన చాప మీద కూర్చుని వచ్చిన కాగితాలను ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగులో చెప్పేదాన్ని. జనం గుమ్మంలో, పెరట్లో, అరటిచెట్ల దగ్గర కూర్చుని వినేవారు. ఎవరి కాగితమైనా అందరి ముందే చదవాలి. మొత్తం విన్నాకే, చేతులు కడుక్కుని, తుడుచుకుని సంతకం పెట్టేది. మేస్త్రి గారు ఒకసారి రోడ్డు బిల్లు పట్టుకొచ్చి "ఇది సదవక్కర్నేదమ్మా, రోజూ ఉన్నదే" అంటే, "రోజూ ఉన్నదైతే తొరగా సదివీవొచ్చు కదా" అంది. ఆ బిల్లు ఆ రోజు సంతకం కాలేదు. ఆయన మొహం ఎండుమిరపకాయ అయింది. అప్పటినుంచి ఆయన మా గుమ్మం తొక్కడం మానేశాడు.

ఆమె గెలిచిన నాలుగో ఏట నీళ్ళ గొట్టాల పని వచ్చింది. అంతకుముందు కింద వీధిలో ఒక్కటే కుళాయి. మూడు రోజులకోసారి ముప్పావుగంట నీళ్ళు వచ్చేవి. ముందురోజు సాయంత్రమే బకెట్లు, డబ్బాలు, ఏదీ లేకపోతే ఒక చెప్పో రాయో వరసలో పెట్టి ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ జరిపేవారు కాదు. పైవాళ్ళయితే కొండ దిగి వచ్చి, నిండిన బిందెలతో మళ్ళీ ఎక్కాలి. వానాకాలంలో అయితే వాళ్ళకు పైన ఒక వాగుంది. ఎండాకాలంలో అదీ ఎండిపోతుంది. అమ్మ ఓట్లప్పుడు ఎవరికీ ఏ మాటా ఇచ్చేది కాదు. ఒక్కచోట ఇచ్చింది. మలుపు పైన మొదటి ఇల్లు ఫూల్మణి మౌసీది. అమ్మ వయసే కాబట్టి నాకు మౌసీ, అంటే పిన్ని. పొట్టిగా, గట్టిగా, నల్లరాతి రోలులా ఉండేది. "గొట్టం వస్తే నీ గుమ్మం దాకా వస్తుంది" అని ఆమెతో అమ్మ అంది.

ఆఫీసువాళ్ళు ఏ ఏ ఇళ్ళకు కుళాయిలు కావాలో జాబితా రాసి పంపమన్నారు. అమ్మకు ఆ వారం జ్వరం. నన్ను పిలిచి, "ఒక్కో గుమ్మం ముందలా నిలబడి పేరడిగి రాయి. కొసాకి ఎల్లు. కూకుని రాయకు" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కింది వరసలన్నీ రాశాను. తర్వాత కొండబాట ఎక్కాను. వాన జల్లు పడుతోంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్ళకూ జలగలు. కాలేజీ స్నేహితురాలితో ఆ మధ్యాహ్నం బజారుకు వెళ్ళాలని అనుకున్నాం, బస్సు టైమవుతోంది. ఇవన్నీ సాకులు. అసలు సంగతి ఏమిటంటే, వాళ్ళ గుమ్మాల ముందు నిలబడి పేర్లు అడుక్కోవడం నాకు చిన్నతనంగా తోచింది. కింద బెంగాలీ వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడినప్పుడు తోచలేదు. వెనక్కి తిరిగి, రేషను దుకాణానికి వెళ్ళి, అక్కడి రిజిస్టరు చూసి, అందులో మిగిలిన పేర్లు పైవాళ్ళవేననుకుని ఎక్కించాను. కార్డు లేనివాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉండవన్నది ఆ క్షణం నాకు తట్టలేదని చెప్పగలను. తట్టినా ఏంచేసి ఉండేదాన్నో చెప్పలేను.

ఆ సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని జాబితా చదివాను. ఇంకో కాగితమైతే ఆమె పట్టుకునేది. కానీ ఆమెకు ఊళ్ళో ఎవరి అసలు పేర్లూ తెలియవు. పనసచెట్టు ఇల్లు, లస్కరు వాళ్ళిల్లు, చెవిటాయన ఇల్లు, కవలపిల్లల ఇల్లు, ఇలా ఆమె లెక్క వేరు. రిజిస్టరు పేర్లన్నీ ఆమెకు ఒక్కలాగే వినబడ్డాయి.

"పైవోల్లందరూ వొచ్చీసినారా?" అని అడిగింది.

"వచ్చారమ్మా" అన్నాను.

జ్వరంతోనే లేచి చేతులు కడుక్కుని సంతకం పెట్టింది.

నాలుగైదు నెలలకు గొట్టాలు వచ్చాయి. తవ్వారు, పాతారు, కుళాయిలు బిగించారు. పని మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ గొట్టానికి మూత బిగించి కూలీలు సామాను సర్దుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఫూల్మణి మౌసీ ఖాళీ బిందెతో దిగి వచ్చి, మా పెరట్లో నిలబడి, "నర్సమ్మా, లిస్ట్ మే హమారా నామ్ నహీఁ థా క్యా?" అని, జాబితాలో మా పేర్లు లేవా అని అడిగింది. అరవలేదు, తిట్టలేదు. అమ్మ కొబ్బరి కోరడం ఆపి నా వైపు చూసింది. అంతే. ఇంకేమీ అడగనక్కర లేకపోయింది ఆమెకు. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మొదలైంది పరుగు. ఆఫీసుకు వెళ్తే ఈ పని లెక్క మూసేశాం, మళ్ళీ ఊరి సభలో తీర్మానం చేసి వచ్చే ఏడు పంపమన్నారు. అమ్మ మా కొత్త కుళాయిని మొదటి అరగంటసేపు పైవాళ్ళకు వదిలేసింది. వాళ్ళు వచ్చేవారు, పట్టుకునేవారు, వెళ్ళేవారు. ఒక్క మాట లేదు. ఇంతలో గ్రామసభ వచ్చింది. మేస్త్రి గారు సమయం చూసి లేచి, "మనవోల్లు కాదని ఆ తొమ్మిదిల్లూ ఒగ్గీసింది. ఇదేనా నాయం?" అన్నాడు. వాళ్ళను మనవాళ్ళనుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెనక వరసలో తల దించుకున్నాను. అప్పటికి నాకు ఆ ఊరి బళ్ళోనే తాత్కాలిక టీచరు ఉద్యోగం ఖాయమవుతోంది. ఆ సంగతి అమ్మకు తెలుసు. లేచి నిలబడి, అందరికీ అర్థమయ్యే హిందీలో, "నేనే దగ్గరుండి పేర్లు రాయించాను. ఆ తొమ్మిది ఇళ్ళూ మర్చిపోయాను. తప్పు నాది" అంది.

కొన్ని నెలలకు ఎన్నికలొచ్చాయి. ఈసారి ఎవరైనా పోటీ చేయవచ్చు. మేస్త్రి గారే దిగాడు. అమ్మ ఓడిపోయింది. తేడా చాలా చిన్నది. ఆ తొమ్మిది ఇళ్ళ ఓట్లు ఇటు పడి ఉంటే గెలిచేదే. ఫలితం తెలిసిన సాయంత్రం ఇంటికి వచ్చి, అన్నం వండి, నాన్నకు వడ్డించి, తానూ తిని, గిన్నెలు తోమింది. నాన్న కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పొద్దున దర్బారు పోయింది. ఆమె మాత్రం అదే వేళకు అదే పీట మీద కూర్చుని కొబ్బరి కోరేది. గుమ్మంలో ఎవరూ లేరు, చదవడానికి కాగితాలు లేవు. కోరు చప్పుడు ఒక్కటే. నేను బడికి తయారవుతూ ఆ చప్పుడు వినలేక రేడియో పెట్టేదాన్ని. సరిగ్గా రెండు నెలలు అలా గడిచాక, ఒకరోజు పీట గోడకు చేరేసి, "మల్లీ సబొస్తాది. ఈసారైనా ఆల్ల పేర్లు ఎల్లాల. పద, పుస్తకం అట్టుకో" అంది. ఇద్దరం కొండెక్కాం. మలుపు దగ్గర నా అడుగు దానంతటదే ఆగింది. ఆమె ఆగలేదు.

ఫూల్మణి మౌసీ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. లేవలేదు, కూర్చోమనలేదు. అమ్మ నిలబడే సంగతి చెప్పింది. మౌసీ వినిపించుకోనట్టు చెరుగుతూనే ఉంది. నేను ఇక ఉండబట్టలేకపోయాను. "మౌసీ, అప్పుడు పేర్లు వదిలేసింది అమ్మ కాదు, నేను. పైకి రాకుండానే రాశాను" అన్నాను హిందీలో. అమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

మౌసీ చేట కింద పెట్టింది. "మాలూమ్ హై" అంది, తనకు తెలుసని. ఆ రోజు తాను ఇక్కడే కూర్చుని ఉందట. మలుపు దాకా వచ్చిన పిల్ల కాళ్ళు దులుపుకుని, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి దిగిపోవడం పైనుంచి చూసిందట. ఆమె ఒక్కతే కాదు, పక్కింటివాళ్ళూ చూశారట. "ఊపర్ సే సబ్ దిఖ్తా హై, బేటీ." పైనుంచి అన్నీ కనిపిస్తాయంది. పిల్లలు బద్ధకిస్తారు, అది తప్పే గాని పెద్ద తప్పు కాదు. నీళ్ళు రాకపోతే ఇన్నేళ్ళు మోసినట్టే ఇంకో రెండేళ్ళు మోస్తారు. "లేకిన్ నర్సమ్మా" అని అమ్మ వైపు తిరిగింది. "తూ సభా మే బోలీ, హమ్ లోగోఁ కో భూల్ గయీ. భూల్ గయీ!" మమ్మల్ని మర్చిపోయానన్నావు. ఆ మాట అంటూ తన గుండె మీద అరచేత్తో కొట్టుకుంది. నీ కూతురి పరువు కాపాడుకోవడానికి, నలుగురిలో, మేం గుర్తుండని మనుషులమని చెప్పావు. ఓటు అందుకే వేయలేదు.

నీళ్ళ కోసం ఓడిపోయామనుకున్నాం. ఒక్క మాట కోసం ఓడిపోయాం. ఆ మాట అమ్మ నా కోసమే అంది.

"నువ్వు చెప్పాల్సింది నాకు కాదు, అక్కడ చెప్పు" అంది మౌసీ నాతో, కిందనున్న పంచాయతీ రేకుల హాలును గడ్డంతో చూపిస్తూ.

మొన్న శిల్ప చెప్పింది, ఇప్పుడీ జాబితాలన్నీ ఫోనులోనే చేస్తారట. ఏ ఇంటి ముందు నిలబడి నొక్కారో కూడా ఫోనే చెప్తుందట. మంచిదే. నా బోటివాళ్ళు మలుపు దగ్గరే తిరిగిపోవడానికి వీల్లేదు. ఊరు కూడా మారింది. సునామీ నాడు కింది పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. మేం వరి కోసిన చోట ఇప్పుడు ఉప్పునీళ్ళు, కొంగలు. మలుపు పైన తొమ్మిది ఇళ్ళు ఇప్పుడు ముప్పై దాకా అయ్యాయి, ఫూల్మణి మౌసీ మనవరాలు నర్సుగా పని చేస్తోంది. ఆడవాళ్ళకు కుర్చీ ఎవరూ దయతలచి వేయనక్కర లేదు, లాక్కుని కూర్చుంటున్నారు. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒకటుంది. జనం నీళ్ళు రానందుకు కోప్పడతారు, లెక్కలో లేకపోతే మాత్రం ముఖం తిప్పుకుంటారు. ఆ కోపాన్ని చల్లార్చవచ్చు. తిప్పుకున్న ముఖాన్ని ఇటు తిప్పాలంటే మనమే ఎక్కి వెళ్ళాలి.

సభ రోజున హాలు నిండిపోయింది. కుర్చీలో మేస్త్రి గారు, పక్కన రాసుకోవడానికి సెక్రటరీ. అమ్మ ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చుంది. నేను బళ్ళో చేరి అప్పటికి మూడు నెలలు. నా క్లాసు పిల్లల తల్లిదండ్రులందరూ అక్కడే ఉన్నారు. లేచి నిలబడ్డాను. "నీళ్ళ జాబితా రాసింది నేను. మలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను. రేషను దుకాణంలో కూర్చుని రాశాను. పైవాళ్ళందరూ వచ్చారని అమ్మతో అబద్ధం చెప్పాను" అన్నాను. ఎవరో "ఈమె టీచరా?" అన్నారు. ఎవరో నవ్వారు. మేస్త్రి గారు కుర్చీలో ముందుకు వంగి, "అయితే నర్సమ్మా, అప్పుడు సబలో నువ్వు సెప్పింది అబద్దవన్నమాట" అన్నాడు.

అమ్మ లేచింది. "అవును మేస్త్రి గారూ, అబద్దవే" అంది. తర్వాత హిందీలోకి మారి, వెనక గోడ దగ్గర నిలబడ్డ పైవాళ్ళ వైపు తిరిగింది. "మిమ్మల్ని మర్చిపోయానని చెప్పాను. అది నా నోటితో నేను చేసిన పాపం. నేనెవరినీ మర్చిపోలేదు" అని, వేలు మడుస్తూ మొదలుపెట్టింది. మొదటి ఇల్లు ఫూల్మణిది, ఐదుగురు, ఎర్రావు, చూరు పడమటి వైపు కారుతుంది. రెండోది ఆమె మరిదిది, ఆయనకు ఎడమ చెయ్యి లేవదు, నీళ్ళు ఆయన కూతురే మోస్తుంది. మూడోది బాదంచెట్టు ఇల్లు, కోడలికి ఏడో నెల, ఆమె బిందె ఎత్తకూడదు. నాలుగోది ముసలామె ఒక్కతే, ఆమెకు రెండు బకెట్లు చాలు, కాని ఆ రెండూ ఎవరో ఒకరు మోసి పెట్టాలి. ఇలా ఒక్కో ఇంటి దగ్గరా ఆగి, మనుషులను, జబ్బులను, కోళ్ళతో సహా చెప్పుకుంటూ వెళ్ళింది. ఎక్కడా తడబడలేదు. హాలులో నవ్వులు ఆగిపోయాయి. తొమ్మిదో ఇల్లు చెప్పేసరికి గోడ దగ్గరున్న ఆడవాళ్ళలో ఇద్దరు కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

సెక్రటరీ కలం పట్టుకుని వింటూ ఉండిపోయాడు. ఫూల్మణి మౌసీ గోడ వదిలి ముందుకు వచ్చి, బల్ల మీద అరచెయ్యి వేసి, "లిఖో" అంది. అతను మేస్త్రి గారి వైపు చూశాడు. అంతమంది ముందు ఆయన మాత్రం ఏం చేస్తాడు, రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మౌసీ ఇంటి పేర్లు, అసలు పేర్లు అందించింది. మరుసటి ఏడు మలుపు దగ్గర గొట్టానికి బిగించిన మూత విప్పారు.

సభ అయ్యాక ముగ్గురం కలిసే కొండవైపు నడిచాం. ఎండ తగ్గలేదు. అమ్మా మౌసీ ముందు, నేను వెనక. నాకైతే రేపు బళ్ళో పిల్లల మొహాలు ఎలా చూడాలన్న దిగులు. మా ఇంటికి తిరిగే చోట ఒక కల్వర్టు ఉంది. అక్కడ మౌసీ ఆగి, "నర్సమ్మా, అగ్లా ఎలక్షన్ కబ్ హై?" అని అడిగింది.

"బహుత్ దూర్ హై. ఇంకా నాలుగేళ్ళ పైనే ఉంది" అంది అమ్మ.

"ఠీక్ హై. నామినేషన్ కాగితంలో నిన్ను నిలబెడుతున్నామని ఎవరో ఒకరు వేలిముద్ర వేయాలి కదా. అది నాది" అంది మౌసీ, తన హిందీలో, ఉప్పు బదులు అడిగినంత మామూలుగా.

ఓడిపోయిన రోజు కూడా ఏడవని మా అమ్మ, పట్టపగలు, దారిన పోయేవాళ్ళందరూ చూస్తుండగా, ఆ కల్వర్టు గోడ మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.